ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, రేషన్ కార్డులు, పింఛన్లు: కుటుంబాలు, ఆస్పత్రి సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లతో, రెండు ట్రస్టుల కింద నడుస్తోంది. 2023 చివరి నుంచి చాలా మారింది. ఖర్చు పరిమితి పెరిగింది, కొత్త చికిత్సలు చేరాయి, కొత్త రేషన్ కార్డులు వచ్చాయి, పింఛను మొత్తాలు మారాయి. వార్తల్లో ఇవన్నీ ఒక్క రోజు కనబడి వెళ్లిపోతాయి. ఇంట్లో మనిషికి బాగోలేక ఆస్పత్రి గేటు దాటేటప్పుడు మాత్రం ఏదీ గుర్తుకు రాదు, అప్పుడు టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. అందుకే జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల్లో, పనిచేసేవాళ్ల ప్రశ్నలు కూడా ఉన్నాయి, ఎందుకంటే కౌంటర్‌కి అటువైపు కూర్చున్నవాళ్లకి స్పష్టత లేకపోతే ఆ భారం ఇటువైపు వాళ్ల మీదే పడుతుంది.

మిగతాదంతా చదవడానికి తీరిక లేనివాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: అడ్వాన్సు కట్టకముందే ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో పథకం పనులు చూసే మనిషి) దగ్గరికి వెళ్లండి.

మా రాష్ట్రంలో ఇప్పుడు ఎన్ని లక్షల వరకు ఉచితం?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు. 2023 డిసెంబర్ 9న దీన్ని 5 లక్షల నుంచి పెంచారు. 2024 జూలైలో 163 కొత్త చికిత్సలు చేర్చడంతో మొత్తం 1,835 అయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు 2024 నుంచి మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. పరిమితి 25 లక్షలు, 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. జాబితాలో 3,257 చికిత్సలున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ పరిమితి కుటుంబం మొత్తానికి, ఒక్కొక్కరికి కాదు. అది మన ఖాతాలో పడే డబ్బూ కాదు. చేసిన చికిత్సకు ముందే ఖరారైన ప్యాకేజీ ధర ప్రకారం ఆస్పత్రికి ట్రస్టు చెల్లిస్తుంది. కాబట్టి 25 లక్షలు ఉన్నాయా, 10 లక్షలు ఉన్నాయా అన్నదానికన్నా మనవాళ్లకు చేయబోయే చికిత్స జాబితాలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. డాక్టరుని గానీ ఆరోగ్యమిత్రని గానీ సూటిగా ఇదే అడగండి.

ఆరోగ్యశ్రీ కార్డు లేదు, రేషన్ కార్డే ఉంది. సరిపోతుందా?

తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉంటే చాలు. విడిగా ఆరోగ్యశ్రీ కార్డు లేదని ఎవరైనా వెనక్కి పంపితే ఒప్పుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో రైస్ కార్డు ఉన్న కుటుంబాలు పథకంలో ఉన్నట్టే. రైస్ కార్డుకి అర్హత లేకపోయినా ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్నవాళ్లు ఆరోగ్య కార్డు కోసం గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగాలి.

రేషన్ కార్డులో మా అమ్మ పేరు ‘లచ్చమ్మ’ అని, ఆధార్‌లో ‘లక్ష్మి’ అని ఉంది. ఇబ్బందా?

ఇబ్బందే. ఆస్పత్రిలో నమోదు ఆధార్ నంబరు, వేలిముద్రతో జరుగుతుంది. నంబరు రెండుచోట్లా ఒకటే అయితే చాలాసార్లు దాటిపోతుంది. నంబరే అనుసంధానం కాకపోతే ఆగిపోతుంది. ఆపరేషన్ తేదీ దగ్గర పెట్టుకుని మీసేవ చుట్టూ తిరగడం నరకం. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఈ పని ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే పూర్తి చేసుకోవాలి. రేషన్ షాపులో ప్రతి ఒక్కరి ఈ-కేవైసీ అయిందో లేదో డీలర్ యంత్రంలో చూసి చెప్పగలడు, అడగండి. వయసు పైబడి వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు కంటిపాపతో గుర్తించే పద్ధతి కూడా ఉంది.

ఆస్పత్రికి వెళ్లగానే మొదట ఏం చేయాలి?

అది నెట్‌వర్క్ ఆస్పత్రో కాదో తెలుసుకోవాలి. 104కి ఫోన్ చేస్తే చెబుతారు. పేరున్న ఆస్పత్రి కదా అన్ని విభాగాల్లోనూ పథకం ఉంటుందనుకోకండి. గుండెకు ఉండి, కిడ్నీకి లేకపోవచ్చు. అందుకే ఆస్పత్రి పేరు చెప్పి ఊరుకోకుండా జబ్బు కూడా చెప్పి అడగాలి.

లోపలికి వెళ్లాక రిసెప్షన్‌లో కాకుండా ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో వీళ్లని వైద్యమిత్ర అంటారు. వీళ్లు రోగికి, ఆస్పత్రికి, ట్రస్టుకి మధ్య నిలబడి పని చేసేవాళ్లు. నమోదు, కాగితాల పరిశీలన, మంజూరుకి పంపడం, డిశ్చార్జి దాకా వీళ్ల చేతి మీదుగానే జరుగుతాయి.

కౌంటర్ మీద పెట్టాల్సినవి: రేషన్ కార్డు, రోగి ఒరిజినల్ ఆధార్, రెండు జిరాక్స్‌లు, పాత చీటీలు, రిపోర్టులు, పీహెచ్‌సీ నుంచో ఏరియా ఆస్పత్రి నుంచో రాసిచ్చిన రిఫరల్ ఉంటే అది. స్కాన్ ఫిల్ములు తప్పకుండా తీసుకెళ్లండి. చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చి ఫిల్మును ఇంట్లో బీరువా పైన వదిలేస్తారు, లేదా నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కుతారు. మడత గీత సరిగ్గా చూడాల్సిన చోటే పడితే మళ్లీ స్కాన్ తీయించాల్సి వస్తుంది. పెద్ద కవర్లోనే, చదునుగా, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకురండి.

తర్వాత డాక్టరు చూసి చికిత్స నిర్ణయిస్తారు. ఆస్పత్రి ఆ వివరాలను ట్రస్టుకి పంపుతుంది. దీన్నే ప్రీ-ఆథ్ అంటారు. ట్రస్టు డాక్టర్లు చూసి మంజూరు చేశాకే చికిత్స పథకం కింద మొదలవుతుంది. మంజూరు అయిందా లేదా అని ఆరోగ్యమిత్రని రోజూ అడిగే హక్కు మీకుంది. విసుక్కున్నా అడగండి.

అడ్మిషన్ కావాలంటే ముందు డిపాజిట్ కట్టమంటున్నారు. కట్టాలా?

పథకం కింద చేరుతున్న రోగి కట్టక్కర్లేదు. పడక, పరీక్షలు, మందులు, ఆపరేషన్, రోగికి భోజనం, ఇంటికి వెళ్లేందుకు దారి ఖర్చు, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి. “ఇంప్లాంట్‌కి వేరే”, “ఆ ఇంజెక్షన్ బయట తెచ్చుకోండి”, “ఏసీ రూమ్‌కి తేడా కట్టండి” అనే మాటలు వినబడితే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఆ డబ్బు అడగకూడనిదని అర్థం.

ఒక్క చోట జాగ్రత్త అవసరం. మంజూరు రాకముందే ‘ప్రస్తుతానికి క్యాష్ కింద చేర్చుకుంటాం, తర్వాత మారుస్తాం’ అంటారు. భయంలో మనం సరే అంటాం. క్యాష్ కేసుగా నమోదైతే తర్వాత పథకంలోకి మార్చడం చాలా కష్టం, కట్టిన డబ్బు వెనక్కి రావడం ఇంకా కష్టం. సంతకం పెట్టే ఫారం మీద ‘క్యాష్’ అని ఉందా ‘ఆరోగ్యశ్రీ’ అని ఉందా చూసి పెట్టండి. చదవడం రాకపోతే పక్కన ఉన్నవాళ్లతో చదివించుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఈ కాగితాలన్నీ ఎక్కడ వెతుక్కుంటాం?

వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి, బయల్దేరండి. ఎమర్జెన్సీలో ఆస్పత్రి డాక్టరు ఫోన్ ద్వారానే ట్రస్టు అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. కార్డు, ఆధార్ తర్వాత ఎవరైనా తెచ్చి ఇవ్వొచ్చు. ఇంట్లో అందరి ఆధార్, రేషన్ కార్డు ఫొటోలు ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచుకోండి. ఊళ్లో ఉండే అబ్బాయి ఫోన్‌లోనూ, హైదరాబాద్‌లో ఉండే అమ్మాయి ఫోన్‌లోనూ.

రోడ్డు ప్రమాదమైతే?

రెండు దారులున్నాయి. ఒకటి ఆరోగ్యశ్రీ లేదా వైద్యసేవ. రెండోది 2025 మే 5 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం. దాని కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, మనిషికి 1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స అందాలి. దీనికి ఆదాయ పరిమితి గానీ రేషన్ కార్డు గానీ అక్కర్లేదు. పోలీసులకు సమాచారం వెళ్లడం ముఖ్యం, 112కి ఫోన్ చేయండి.

దెబ్బలు తగిలినవాళ్లని ఆస్పత్రికి చేర్చినందుకు మీ మీద కేసు పెట్టడం, బలవంతంగా సాక్షిగా తిప్పడం చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టంలోనే సాయం చేసినవాళ్లకు రక్షణ ఉంది. మొదటి గంటలో తీవ్రంగా గాయపడినవాళ్లను చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి కూడా 5 వేల నుంచి 25 వేలకు పెరిగింది. బహుమతి సంగతి పక్కన పెడితే, భయపడి వీడియో తీస్తూ నిలబడటం ఆగాలి.

జ్వరం, షుగర్ మందులు, రక్త పరీక్షలు కూడా ఇందులో వస్తాయా?

మామూలు ఓపీ మందులు రావు. వాటికి పీహెచ్‌సీ, బస్తీ దవాఖానా, విలేజ్ క్లినిక్, ఏరియా ఆస్పత్రి. తెలంగాణలో ప్రభుత్వ డాక్టరు రాసిన పరీక్షలు టీ-డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో ఉచితం, ఎక్స్‌రే నుంచి థైరాయిడ్ దాకా. ప్రైవేటు ల్యాబ్‌లో వెయ్యి రెండు వేలు పెట్టేముందు జిల్లా ఆస్పత్రిలో ఒకసారి అడగండి.

మా నాన్నకి డయాలసిస్ జరుగుతోంది. జీవితాంతం ఇస్తారా?

డయాలసిస్ రెండు రాష్ట్రాల్లోనూ పథకంలో ఉంది. ఏడాది పరిమితిలో ఎంత వాడారో మాత్రం అప్పుడప్పుడు ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకుంటూ ఉండండి. వారానికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లు ఇంటికి దగ్గరి కేంద్రానికి మార్చుకునే వీలుంటే మార్చుకోండి. మందులకన్నా దారి ఖర్చే ఆ కుటుంబాలను ఎక్కువ కుంగదీస్తుంది.

దీనితోపాటు పింఛను ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ రోగులకు, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయలు. తెలంగాణలో డయాలసిస్ రోగులకు 2,016 రూపాయల పింఛను 2022 నుంచి ఉంది. మొత్తంలో ఇంత తేడా ఉండటం బాధాకరం, తెలంగాణ కుటుంబాలు ఈ మాట గట్టిగా అడగాల్సిందే.

ఆపరేషన్ అయ్యాక తర్వాతి చెకప్‌లు, మందులు?

కొన్ని గుండె, మెదడు, కిడ్నీ చికిత్సలకు ఏడాది పాటు ఫాలో-అప్ ప్యాకేజీ ఉంటుంది. డిశ్చార్జి రోజున “మాకు ఫాలో-అప్ ఉందా, ఎన్ని విడతలు, తేదీలేవి” అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు అడగనివాళ్లే తర్వాత నెలనెలా మందులు కొనుక్కుంటున్నారు.

మాది కర్నూలు, వైద్యం హైదరాబాద్‌లో. ఆంధ్ర కార్డు పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ అన్ని ఆస్పత్రుల్లో, అన్ని జబ్బులకు కాదు. 2019 నవంబర్ 1 నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లోని కొన్ని ఆస్పత్రులను ఆంధ్రప్రదేశ్ తన నెట్‌వర్క్‌లోకి తీసుకుంది, పెద్ద ఆపరేషన్ల కోసం. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి తెలంగాణ ఆరోగ్యశ్రీలో ఉన్నంత మాత్రాన ఆంధ్ర కార్డుని తీసుకుంటుందని కాదు. రెండూ వేర్వేరు ఒప్పందాలు. బస్సెక్కే ముందే 104కి ఫోన్ చేసి ఆస్పత్రి పేరు, చికిత్స పేరు రెండూ చెప్పి ఖాయం చేసుకోండి.

70 ఏళ్లు దాటిన అందరికీ ఉచితమట కదా?

ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2024 అక్టోబర్ 29న కేంద్రం ఆ కార్డును ప్రారంభించింది, పేరు ఆయుష్మాన్ వయ వందన. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు. పాత ఆయుష్మాన్ కార్డున్న కుటుంబంలోని పెద్దవాళ్లకైతే ఇది విడిగా అదనం. ఒకే ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ప్రైవేటు బీమా ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం), మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నమోదుకి ఆధార్ ఒక్కటే చాలు. వయసు అందులో ఉన్నదే లెక్క. కార్డు చేతికొచ్చాక వెళ్లబోయే ఆస్పత్రి దాన్ని తీసుకుంటుందో లేదో 14555కి ఫోన్ చేసి అడగండి. కార్డు చేసిపెడతామని వెయ్యి రెండు వేలు అడిగే ఏజెంట్లు ఊళ్లలో తిరుగుతున్నారు. ఇది ఉచితం.

మా చికిత్స జాబితాలో లేదన్నారు. ఇక దారి లేదా?

ఉంది, కానీ ఓపిక కావాలి. ముందు అదే చికిత్స ప్రభుత్వ పెద్దాసుపత్రిలో దొరుకుతుందేమో చూడండి. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, పిల్లలకి నీలోఫర్, క్యాన్సర్‌కి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. విశాఖలో కేజీహెచ్, క్యాన్సర్‌కి అగనంపూడిలోని హోమీ భాభా. తిరుపతిలో స్విమ్స్, రుయా. వరంగల్‌లో ఎంజీఎం. గుంటూరు, కర్నూలులో జీజీహెచ్‌లు (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులు).

రెండోది ముఖ్యమంత్రి సహాయ నిధి. చికిత్స అయిపోయి బిల్లులు కట్టినవాళ్లు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, రేషన్ కార్డు లేదా ఆదాయ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్స్‌తో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకుంటారు. చికిత్స ఇంకా కాకపోతే ఎల్‌ఓసీ అడగాలి. అంటే ఇంత మొత్తం మేం భరిస్తామని ప్రభుత్వం ఆస్పత్రికి ముందే రాసిచ్చే లేఖ. దానికి ఆస్పత్రి నుంచి ఖర్చు అంచనా కాగితం తప్పనిసరి. తెలంగాణలో 2024 జూలై నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు, కాబట్టి దరఖాస్తు నంబరు అడిగి దాచుకోండి. ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు ప్రతి కాగితం జిరాక్స్ తీసుకోండి. ఆరోగ్యశ్రీ కింద అయిన చికిత్సకి మళ్లీ సహాయ నిధి రాదు.

ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ ఆపేశాయని విన్నాం. మాకు పడిన ఆపరేషన్ తేదీ సంగతేంటి?

బకాయిలు రాలేదని 2025 సెప్టెంబర్‌లో తెలంగాణలో, అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు నిలిపాయి. తర్వాత చర్చలతో మళ్లీ మొదలయ్యాయి. ఆస్పత్రుల బాధ నిజమైనదే. ముఖ్యంగా జిల్లాల్లోని చిన్న నర్సింగ్‌హోములు నెలల తరబడి బిల్లులు రాకుండా జీతాలివ్వలేవు. కానీ మధ్యలో ఆపరేషన్ బల్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లిన రోగి ఏ పాపం చేశాడు?

ఇలాంటి రోజుల్లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో పథకం ఆగదు. మీ డాక్టరుని అడిగి కేసు షీట్, రిపోర్టులు తీసుకుని బోధనాసుపత్రికి వెళ్లండి. క్యాన్సర్ కీమో, డయాలసిస్ లాంటివి వాయిదా వేసుకోకూడదు. ‘సమ్మె అయ్యాక రండి’ అంటే ఆగిపోకుండా అదే రోజు 104కి చెప్పి ఇంకో కేంద్రం అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ బీమా వస్తోందన్నారు. ఇప్పుడు మేం ఏదైనా చేయాలా?

2025 సెప్టెంబర్ 4న మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం కుటుంబానికి 2.5 లక్షల వరకు బీమా కంపెనీ భరిస్తుంది, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటుంది. 1.63 కోట్ల కుటుంబాలను ఇందులోకి తేవాలన్నది లెక్క. మంత్రివర్గం ఆమోదించిన రోజే కౌంటర్‌లో మారిపోదు. టెండర్లు, ఒప్పందాలు, ఉత్తర్వులు అయ్యాకే. ఇప్పటికే కార్డున్నవాళ్లు దీనికోసం ఎవరికీ ఫారాలు నింపి డబ్బులివ్వాల్సిన పని లేదు.

ఇక ఆస్పత్రి సిబ్బంది అడిగేవి

తెలంగాణలో కొత్త ప్యాకేజీ ధరలు అన్నింటికీ వర్తిస్తాయా?

2024 జూలైలో 1,375 చికిత్సల ధరలను సవరించారు, సగటు పెంపు 22 శాతం. మిగతావి పాత ధరల్లోనే ఉన్నాయి. బిల్లింగ్ విభాగం పాత పట్టిక ముందు పెట్టుకుని రోగికి “ప్యాకేజీ సరిపోదు” అని చెప్పకూడదు. సరిపోకపోయినా ఆ తేడా రోగి నుంచి తీసుకోవడం ఒప్పందానికి విరుద్ధం.

ప్రీ-ఆథ్ తిరిగి వస్తోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

ఎక్కువగా కాగితాల దగ్గరే. రోగ నిర్ధారణకు, ఎంచుకున్న ప్యాకేజీకి పొంతన లేకపోవడం. యాంజియోగ్రామ్ రిపోర్టు ఉండి ఇమేజీలు లేకపోవడం. డాక్టరు చేతిరాత చదవలేని స్థాయిలో స్కాన్ చేయడం. పడక మీద రోగి ఫొటోలో ముఖం కనబడకపోవడం. ట్రస్టు వైపు నుంచి ప్రశ్న వచ్చినప్పుడు దానికి జవాబిచ్చే బాధ్యత ఒక మనిషికి పేరుతో అప్పగించండి. ‘మెడ్కో (ఆస్పత్రి తరఫున పథకం కేసులు చూసే డాక్టరు) చూసుకుంటారు’ అని అందరూ అనుకుంటే సాయంత్రం దాకా ఎవరూ చూడరు. అటు రోగి ఏమీ తినకుండా ఆపరేషన్ కోసం కూర్చుని ఉంటాడు. తిరస్కరించిన కేసుని మళ్లీ పంపేటప్పుడు ‘దయచేసి మంజూరు చేయగలరు’ అన్న వాక్యంతో పని జరగదు. వాళ్లు అడిగిన ఆధారం జతచేసి, ఆ చికిత్స ఈ రోగికి ఎందుకు అవసరమో స్పెషలిస్టు చేత రెండు ముక్కలు రాయించండి.

రోగే మంచి స్టెంట్ కావాలంటున్నాడు. తేడా తీసుకోవచ్చా?

తీసుకోకండి. ప్యాకేజీలో ఇచ్చేది కూడా అనుమతి ఉన్న స్టెంటేనని ఓపిగ్గా చెప్పండి. ‘మంచిది’, ‘మామూలుది’ అన్న మాటలు ముందు ఎవరి నోటి నుంచి వచ్చాయో ఆస్పత్రులు ఆలోచించుకోవాలి.

డిశ్చార్జి రోజున తప్పనిసరిగా చూసుకోవాల్సినవి?

10 రోజుల మందులు చేతికిచ్చారా, దారి ఖర్చు ఇచ్చారా, ఫాలో-అప్ తేదీ తెలుగులో చెప్పారా. సంతకం మాత్రం తీసుకుని మందులు “రేపు రండి” అంటే ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి రేపు ఎలా వస్తాడు?

రేషన్, పింఛన్ల గురించి

తెలంగాణలో కొత్త రేషన్ కార్డు వచ్చింది. అది వచ్చిన వెంటనే ఆరోగ్యశ్రీ పనిచేస్తుందా?

కొత్త కార్డుల పంపిణీ 2025 జూలై 14న తుంగతుర్తి నియోజకవర్గంలోని తిరుమలగిరిలో మొదలైంది. కొత్త కార్డు నంబరుతో ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. పెళ్లయి వచ్చిన కోడలు, కొత్తగా పుట్టిన పిల్లలు కార్డులో చేరారో లేదో ఒకసారి చూసుకోండి. కోడలి పేరు పుట్టింటి కార్డులో తీసేయకపోతే అత్తింటి కార్డులో చేరదు. ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. సన్నబియ్యం 2025 ఉగాది నుంచి, మనిషికి 6 కిలోలు.

ఆంధ్రలో బియ్యం బండి రావడం లేదు. ఎక్కడ తీసుకోవాలి?

2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషన్ షాపుల్లోనే. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. 65 దాటిన పెద్దవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి. తేకపోతే డీలర్‌ని అడగండి, అది దయ కాదు. క్యూఆర్ కోడ్ ఉన్న స్మార్ట్ కార్డులు ఆగస్టు 25 నుంచి ఇస్తున్నారు.

పింఛను ఎంత? ఒక నెల తీసుకోకపోతే పోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు 15,000. ఒక నెల, రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. కాబట్టి కాన్పుకి కూతురి దగ్గరికి వెళ్లిన అమ్మమ్మ పింఛను కోసం మధ్యలో పరుగెత్తి రావక్కర్లేదు. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు తర్వాతి నెల నుంచే ఇచ్చే ఏర్పాటు ఉంది. మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో వెంటనే అడగాలి. తెలంగాణలో 2,016, దివ్యాంగులకు 4,016.

దివ్యాంగుల పింఛను రద్దు చేస్తామని నోటీసు వచ్చింది. మా తమ్ముడికి పుట్టుకతోనే వైకల్యం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో సదరం ధ్రువపత్రాలను (వైకల్యం ఎంత శాతమో తెలిపేవి) మళ్లీ పరిశీలించి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలినవాళ్లకు నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయడం అవసరమే. ఆ ఊపులో నిజమైనవాళ్లకూ నోటీసులు అందాయి. నోటీసు చూసి కుంగిపోవద్దు, అప్పీలు ఉంది. గ్రామాల్లో ఎంపీడీవో, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టి మళ్లీ వైద్య పరీక్ష అడగాలి. పాత సర్టిఫికెట్, నోటీసు, చిన్నప్పటి నుంచి ఉన్న వైద్య కాగితాలు జతచేయండి. ఇచ్చిన దరఖాస్తు జిరాక్స్ మీద తేదీ ముద్ర వేయించుకోండి.

డబ్బు తీసుకున్నారు, లేదా చేర్చుకోలేదు. ఎవరికి చెప్పాలి?

వార్డులో ఉండగానే ఆరోగ్యమిత్రకి, ఆయన పట్టించుకోకపోతే 104కి. ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరు తీసుకోకుండా పెట్టేయకండి. తర్వాత ట్రస్టు జిల్లా సమన్వయకర్తకి రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజావాణి లేదా గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ ద్వారా కూడా అర్జీ పెట్టుకోవచ్చు.

కాగితం మీద ఐదు విషయాలు ఉంటే చాలు: రోగి పేరు, కార్డు నంబరు, ఏ తేదీన ఏ విభాగంలో చేరారు, ఎవరు ఎంత అడిగారు, దేనికని చెప్పారు. రసీదు, ఫోన్‌పే చెల్లింపు స్క్రీన్‌షాట్, మందుల బిల్లు ఏది ఉంటే అది జతచేయండి. రోగి ఇంకా అక్కడే ఉన్నాడు కదా, ఫిర్యాదు చేస్తే సరిగా చూడరేమో అన్న భయం అందరికీ ఉంటుంది. అలాంటప్పుడు ఆధారాలన్నీ దాచుకుని, డిశ్చార్జి అయి ఇంటికి చేరాకైనా ఇవ్వండి. అప్పుడు ఇచ్చినా చెల్లుతుంది.